రోజుకు నాలుగు గ్రహణాలు

డాక్టర్ నిత్యానందంగారికి రాని శాస్త్రం లేదు. తాడేపల్లిగూడెం దాటాక రోడ్డు పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన గది తలుపుకి ఇత్తడి పలక ఉంటుంది. దాని మీద భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం, ఇమేజ్ ప్రాసెసింగ్, ఎలక్ట్రానిక్ కొలతలు అని నాలుగు వరసలు చెక్కించి, కింద బెత్తెడు జాగా ఖాళీ వదిలారు. రేపు ఇంకో శాస్త్రం చేజిక్కితే చెక్కించుకోవద్దూ? పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన అచ్చు వేయించిన పరిశోధన పత్రాలు రెండువందల అరవై ఏడు. పాడిగేదె అయినా ఏడాదికి ఒక్కసారే ఈనుతుంది. ఈయనకి నెల తిరిగితే చాలు.

వాటన్నిటిలోకీ ఘనమైనది కొల్లేటి నక్షత్రం. దాని సంగతి చెప్పాలంటే ముందు యాస్మిన్ సంగతి చెప్పాలి. పేరు ఆయనదైనా చాకిరీ ఈ అమ్మాయిది.

యాస్మిన్ ఏలూరు పవర్‌పేటలో మిక్సీలూ రేడియోలూ బాగుచేసే మొహిద్దీన్‌గారి పెద్దకూతురు. ఆ కాలేజీలోనే కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ, రోజూ పాసింజరు బండిలో వెళ్ళివస్తూ, ఐదేళ్ళుగా డాక్టరేటు కోసం నిత్యానందంగారి దగ్గర పరిశోధన చేస్తోంది. డాక్టరేటు లేనివాళ్ళకి జూన్ నుంచి కాంట్రాక్టు ఉండదని కాలేజీవాళ్ళు నోటీసు అంటించారు. యూనివర్సిటీ పెట్టిన గడువు మే నెలతో ఆఖరు, ఇక పొడిగింపులు లేవు. వైవా ఏప్రిల్ ఇరవై రెండున. అది గట్టెక్కితే డాక్టర్ యాస్మిన్. గట్టెక్కకపోతే ముప్ఫై రెండేళ్ళ వయసులో ఉద్యోగమూ లేదు, ఐదేళ్ళ కష్టమూ లేదు. ఇది ఆ అమ్మాయికి తెలుసు, ఆమె తండ్రికి తెలుసు, బండిలో రోజూ ఎదురు సీట్లో కూర్చునే పోస్టాఫీసు గుమాస్తాక్కూడా తెలుసు.

ఇక నక్షత్రం. ఆరేళ్ళ కిందట నిత్యానందంగారికి ఖగోళశాస్త్రం మీద మనసు పుట్టింది. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలు పట్టుకోవాలంటే ఊళ్ళకి దూరంగా, కరెంటు యంత్రాల రొద లేనిచోట ఏరియల్ నిలబెట్టాలి. కాలేజీ ఛైర్మన్‌గారి బావమరిది దుర్గారాజుగారికి కైకలూరు అవతల ఎనభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. "మా బావమరిది చెరువు గట్టు కన్నా నిమ్మళమైన చోటు ఇంకెక్కడుంటుందండీ? కొంగ రెక్క కొట్టుకుంటే వినపడుద్ది" అన్నారు ఛైర్మన్‌గారు. షెడ్డు ఉచితం, కరెంటు ఉచితం. నాలుగు ఇనపగొట్టాలు పాతి రాగితీగ లాగి, షెడ్డులో ఒక రేడియో పెట్టె, ఒక కంప్యూటరూ పెట్టారు. ఆకాశంలోంచి ఏదైనా వస్తే తెరమీద గీత పైకి లేస్తుంది, రాకపోతే కిందికి దిగుతుంది. అంతే యంత్రం.

గీత లేచింది. లేవడమంటే అలా ఇలా కాదు, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ కమిటీ వచ్చినప్పుడు స్టాఫ్ అంతా లేచి నిలబడ్డట్టు లేచింది. రోజుకి నాలుగుసార్లు మాత్రం ఒక గంటసేపు కిందికి దిగి, మళ్ళీ లేచేది. పొద్దున్న ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి. నిత్యానందంగారు ఆ గీతని వారం రోజులు చూసి తేల్చేశారు: ఇది ఒక నక్షత్రం కాదు, జంట నక్షత్రాలు. ఒకదానికి ఒకటి అడ్డం వచ్చినప్పుడల్లా గ్రహణం. రోజుకు నాలుగు గ్రహణాలు! మరి రాత్రిపూట ఒక్కటీ లేదేమండీ అని ఎవరైనా అడుగుతారని ఆయనే ముందుగా దానికి 'విశ్రాంతి దశ' అని పేరు పెట్టేశారు. శాస్త్రంలో పేరు పెట్టాక ఇక ప్రశ్న ఉండదు.

తరవాత ఆ గీతల్ని కంప్యూటర్లో బొమ్మగా మార్చి, మరకలు తుడిచి, అంచులు గుండ్రం చేసి, నారింజరంగు పులిమి, అచ్చం పండులాంటి నక్షత్రాన్ని తేల్చారు. అదీ ఇమేజ్ ప్రాసెసింగ్. పత్రం మీద పేర్లు శుభలేఖలో 'ఆహ్వానించువారు' లాగా దిగాయి. ముందు ఛైర్మన్‌గారు, ఆపైన సెక్రటరీగారు, ప్రిన్సిపాల్‌గారు, నిత్యానందంగారు, హోమ్‌సైన్స్ చదివిన నిత్యానందంగారి శ్రీమతి, అందరికన్నా కింద యాస్మిన్. నక్షత్రాన్ని కనిపెట్టినందుకు ఛైర్మన్‌గారికి గూడెంలో శాలువా కప్పారు. జంక్షన్లో ఫ్లెక్సీ కట్టారు. ఏడాది తిరక్కముందే ఉత్తరాన ఎక్కడో ఇంకో కాలేజీలో ప్రొఫెసర్ క్రాంతి కుమార్‌గారనే ఆయన, మేమూ స్వతంత్రంగా పరిశీలించాం, నాలుగు గ్రహణాలూ నిజమే అని ఒక పత్రం వేశారు. ఆ కాలేజీలో ఏరియల్ లేదు. నిత్యానందంగారి బొమ్మనే తీసుకుని నారింజరంగు బదులు నీలం వేశారు.

యాస్మిన్‌కి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. చేరిన కొత్తలోనే అడిగింది. "సర్, ఏ నక్షత్రమైనా రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా ఉదయించాలి కదండీ? నెల తిరిగేసరికి రెండు గంటలు జరగాలి. ఇది మాత్రం కచ్చితంగా మన గడియారం ప్రకారమే నడుస్తోందేంటండీ?"

"అది పాఠ్యపుస్తకాల్లో నక్షత్రాలకమ్మా" అన్నారు నిత్యానందంగారు ప్రేమగా. "మనది కొత్తరకం."

ఆయన ప్రేమగానే మాట్లాడతారు. కోప్పడే మనిషైతే యాస్మిన్ ఎదురు చెప్పి ఉండేదేమో. ఆయన బల్లసొరుగులోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టేవారు. చేతిలో పండు పట్టుకుని మనిషిని ఎదిరించడం కష్టం. పైగా రెండో ఏడు వచ్చేసరికి సగం థీసిస్ పుస్తకం రాసేసింది, మూడో ఏటికి ముప్పావు. రాసేకొద్దీ అనుమానం ఖరీదు పెరిగిపోతూ వచ్చింది. తెలుసుకోకుండా ఉండడం కూడా ఒక విద్యే, అందులో యాస్మిన్ మంచి మార్కులే తెచ్చుకుంది.

వైవాకి పన్నెండు రోజులుందనగా ఆమెకి భయం పట్టుకుంది. రెండేళ్ళ లెక్కల్లో కొన్ని తేడా రోజులున్నాయి. కిందటేడు మార్చిలో మూడు రోజులపాటు గ్రహణాలు గంటా రెండు గంటలూ ఆలస్యంగా పట్టాయి. నవంబరులో రెండు రోజులు అసలు నక్షత్రమే లేదు. అప్పుడు నిత్యానందంగారు "అటూ ఇటూ రోజులు చూసి మధ్యలో నింపెయ్యమ్మా" అంటే నింపేసింది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? తీగలేమైనా వదులయ్యాయేమో చూసివద్దామని మంగళవారం సెలవు పెట్టి, ఏలూరులో కైకలూరు బస్సెక్కింది.

ఇన్నాళ్ళూ ఆమె ఆ గట్టుకి నెలకోసారి, అదీ ఆదివారం మిట్టమధ్యాహ్నం వెళ్ళేది. కంప్యూటర్లో లెక్కలు దాచే కార్డు మార్చుకుని, పెద్దింటమ్మ ఇచ్చిన టీ తాగి, పన్నెండున్నర బస్సుకి తిరిగొచ్చేసేది. పెద్దింటమ్మ ఆ చెరువుల మీద మనిషి. కొల్లేటి లంకల్లో పుట్టి, పదిహేనేళ్ళుగా దుర్గారాజుగారి రొయ్యల మంచిచెడ్డలు చూసుకుంటోంది.

ఆ మంగళవారం బస్సు ఆలస్యమై, యాస్మిన్ చేరేసరికి రెండు కావస్తోంది. షెడ్డులో కూర్చుని తెరవంక చూస్తోంది. ఉన్నట్టుండి ఏదో తేడా అనిపించింది. చెవుల్లో దూది తీసేసినట్టయింది. బయట నిశ్శబ్దం! చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి. తెర మీద గీత దభీమని కిందికి దిగింది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఏలూరు నుంచి భీమవరం దాకా పుట్టిపెరిగినవాళ్ళకి మోటారు మోత మోత కాదు. అది గాలిలాంటిది. చేలల్లో మోటార్లు, చెరువుల్లో మోటార్లు, మిల్లుల్లో మోటార్లు. ఆగితేనే తెలుస్తుంది. ఛైర్మన్‌గారు ఈ గట్టుని నిమ్మళమైన చోటు అన్నారంటే అబద్ధమాడలేదు. ముప్ఫై ఏరియేటర్లు గిరగిరా తిరుగుతుంటే ఆయన చెవికి కొంగ రెక్కే వినపడింది. యాస్మిన్‌కీ అంతే. ఐదేళ్ళుగా ఆ మోత మధ్య కూర్చుని టీ తాగింది.

బయటికి పరిగెత్తింది. పెద్దింటమ్మ మేత బేసిను నడుముకి ఆనించుకుని గట్టు దిగుతోంది.

"పెద్దింటమ్మగారూ, మోటార్లు ఎందుకు ఆపేరండీ?"

"మేతెయ్యాలి కదండి మేడంగారూ. అయ్యి నీళ్ళు తిప్పుతా ఉంటే మేతంతా కొట్టుకుపోయి ఓ మూల చేరిపోద్దండి. గంటసేపు ఆపి, తిన్నాక మళ్ళీ ఏస్తాం."

"రోజుకెన్నిసార్లండీ?"

"నాలుగుసార్లండి. ఆరింటికి, పదింటికి, రెండింటికి, మళ్ళీ ఆరింటికి. రాత్రుళ్ళు ఎయ్యమండి. రాత్రుళ్ళు ఆపితే గాలాడక సచ్చిపోతాయి."

యాస్మిన్ గట్టు మీద చతికిలబడింది. విశ్రాంతి దశ! తేడా రోజులు గుర్తొచ్చి అడిగింది. "కిందటేడు మార్చిలో ఓ మూడు రోజులు..."

"కొల్లేటికోట పెద్దింటమ్మవారి జాతరండి. అమ్మవారి పేరెట్టుకుని నేను ఎళ్ళకపోతే ఎలాగండి? మా మరిదిని కూకోబెట్టి ఎళ్ళేను. ఆడు ఎప్పుడు లెగిస్తే అప్పుడే మేత."

"నవంబరులో రెండు రోజులు?"

"ఆయ్, గాలివానకి త్రీఫేజు లైను తెగిపోయిందండి. షెడ్డులో లైట్లు ఎలిగేయి గానీ మోటార్లు తిరగలేదు. లైన్‌మేను రెండ్రోజులకి గానీ రాలేదండి. రాజుగారు డీజిల్ ఇంజన్లు తెప్పించి తిప్పించేరు. ఏంటండీ, అలా అయిపోయేరు? మజ్జిగ తెమ్మంటారా?"

జంట నక్షత్రాలు కొల్లేటికోట జాతర చూసుకున్నాయి. లైన్‌మేను వచ్చేదాకా రెండు రోజులు చీకట్లో కూర్చున్నాయి. యాస్మిన్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ రెంటిలో ఏదీ పూర్తిగా రాక, మజ్జిగ తాగి బస్సెక్కింది.

మర్నాడు నిత్యానందంగారి బల్ల మీద గ్రహణాల పట్టీ, మేత వేళల పట్టీ పక్కపక్కన పరిచింది. ఆయన రెండూ చూశారు. ఆశ్చర్యపోలేదు. సొరుగు లాగి అరటిపండు తీశారు.

"ఎలిజబెత్ కూడా ఇదే తెచ్చిందమ్మా" అన్నారు.

ఎలిజబెత్ అంటే యాస్మిన్‌కి ముందు ఆ పరిశోధన చేసిన అమ్మాయి. ఏరియల్ నిలబెట్టింది ఆమే. పెళ్ళి కుదిరి మానేసిందని కాలేజీలో అంతా అనుకుంటారు.

"అంటే మీకు ముందే తెలుసాండీ?"

"తెలియడం వేరు, రాయడం వేరమ్మా. అచ్చేసిన పత్రిక వాళ్ళు అడగలేదు. క్రాంతి కుమార్‌గారు అడగలేదు. ఛైర్మన్‌గారు శాలువా కప్పించుకున్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పదకొండు రోజులు ఓపిక పట్టు. డాక్టరేటు చేతికొచ్చాక కావలిస్తే 'రొయ్యల చెరువుల్లో ఎలక్ట్రానిక్ కొలతలు' అని ఇంకో పత్రం వేద్దాం. నీ పేరే ముందు పెడదాం."

ఆ రోజు బండిలో యాస్మిన్ అత్తిలికి ఫోను చేసింది. ఎలిజబెత్ నెంబరు ఐదేళ్ళుగా ఆమె ఫోనులో ఉంది.

"పెళ్ళా? నాకా?" అని ఎలిజబెత్ గట్టిగా నవ్వింది. "ఇంకా చేసుకోలేదమ్మా. ఇక్కడ పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నాను. నేను మేత వేళలు రాసి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. అరటిపండు ఇచ్చేరు. మర్నాడు నా సీటు నీకిచ్చేరు."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"నువ్వెప్పుడైనా అడిగావా యాస్మిన్?"

అడగలేదు. యాస్మిన్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అడిగితే ఏదో తెలుస్తుందని, తెలిస్తే పుస్తకం ఆగిపోతుందని, ఆ భయంతోనే అడగలేదు. పెళ్ళి కబురు వినగానే నమ్మేసింది. నమ్మడం సుఖంగా ఉంది మరి.

ఇంట్లో తండ్రికి చెప్పింది. మొహిద్దీన్‌గారు స్క్రూడ్రైవరు పక్కనబెట్టి అంతా విన్నారు. "అమ్మా, రేడియో గరగరమంటోందని ఎవరైనా తెస్తారు. విప్పి చూసి, నీ రేడియో బాగానే ఉంది బాబూ, పక్కింటి మోటారు రొద అది అంటాను. వాడు సంతోషంగా పట్టుకుపోతాడు. మీ సారు సంతోషించలేదా?"

"లేదు అబ్బాజాన్."

"అయితే ఆయన తెచ్చింది రేడియో కాదు" అన్నారాయన. వైవా ఎగ్గొట్టమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. కూతురి జీతం మీద ఇల్లు సగం నడుస్తోందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ పది రోజులూ యాస్మిన్ నిర్ణయాలు తీసుకుంటూనే ఉంది. పొద్దున్న బండిలో నిజం చెప్పెయ్యాలనుకునేది, సాయంత్రం బండిలో డాక్టరేటు తీసుకున్నాక చెబుదామనుకునేది.

ఏప్రిల్ ఇరవై రెండు రానేవచ్చింది. పరీక్ష పెట్టడానికి వచ్చినది ఎవరనుకున్నారు? నీలం నక్షత్రం క్రాంతి కుమార్‌గారే. ఆయనకి రొయ్యలంటే ప్రాణమట. అందుకని వైవాని కాలేజీలో కాకుండా ఏకంగా చెరువు గట్టునే, ప్రత్యక్ష ప్రదర్శనతో సహా పెట్టారు. షామియానా వేశారు. షెడ్డులోని కంప్యూటరుకి పెద్ద తెర తగిలించి బల్ల మీద పెట్టారు. దుర్గారాజుగారు స్వయంగా దగ్గరుండి రొయ్యల వేపుడు, రొయ్యల పులుసు, చేపల ఇగురు వండించారు. వడ్డన పెద్దింటమ్మది.

పన్నెండింటికి మొదలైన ప్రశ్నలు పన్నెండుంబావుకి అయిపోయాయి. "నక్షత్రం ఎంత దూరంలో ఉందంటారు?" అని అడిగారు క్రాంతి కుమార్‌గారు. యాస్మిన్ నోరు విప్పేలోగా నిత్యానందంగారే "చాలా దూరమండీ" అని జవాబిచ్చారు. పరీక్షాధికారి తృప్తిగా తలాడించారు. తరవాత భోజనాలు. రెండింటికి గ్రహణం చూడ్డం, ఆపైన సంతకాలు, నాలుగింటికి ఆయన బండి. అదీ కార్యక్రమం.

రెండయింది. చేతులు కడుక్కుని అందరూ తెర ముందు కూర్చున్నారు. గీత పైనే ఉంది. రెండుంబావు అయింది. గీత పైనే ఉంది. నిత్యానందంగారు తెరని తట్టి చూశారు. క్రాంతి కుమార్‌గారు గడియారం చూసుకున్నారు. "ఏవండీ, ఈపాటికి పట్టాలి కదండీ గ్రహణం?" అన్నారు దుర్గారాజుగారు, తన చెరువు పరువు పోతోందన్నట్టు.

యాస్మిన్ వెనక్కి తిరిగి చూసింది. పెద్దింటమ్మ విస్తళ్ళు ఎత్తుతోంది. అతిథులు లేచి విస్తళ్ళన్నీ ఎత్తేదాకా పంక్తి వదలొద్దని రాజుగారు చెప్పారు, ఆమె వదల్లేదు. మేత పడలేదు, కాబట్టి మోటార్లు ఆగలేదు. పరీక్షాధికారి రెండోసారి పులుసు వేయించుకున్నందువల్ల ఆకాశంలో గ్రహణం ఆగిపోయింది.

రెండున్నరయింది. నిత్యానందంగారి నుదుటి మీద చెమట. ఆయన కుర్చీ యాస్మిన్ వైపు జరుపుకుని, పెదాలు కదలకుండా అన్నారు. "అమ్మా, నువ్వెళ్ళి ఆవిణ్ణి మేత వెయ్యమను. చప్పున వెళ్ళు తల్లీ."

ఆ ఒక్క మాటతో యాస్మిన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ అబద్ధాన్ని రాయడమే తన పని. ఇప్పుడు దాన్ని చేత్తో ఆడించాలి. మోటార్ల స్టార్టరు పెట్టె షెడ్డు గోడకే ఉంది. పదడుగులు. అక్కడిదాకా నడిచి, పెద్దింటమ్మకి సైగ చేస్తే చాలు, గీత దిగుతుంది, సంతకాలవుతాయి, జూన్‌లో జీతం వస్తుంది. ఆమె లేచి ఆ పదడుగులూ నడిచింది. సైగ చెయ్యలేదు.

"సర్, క్రాంతి కుమార్‌గారూ! ఒక్కసారి ఇలా వస్తారా అండీ?"

ఆయన పళ్ళు కుట్టుకుంటూ వచ్చారు. యాస్మిన్ స్టార్టరు పెట్టె తలుపు తీసింది. "ఈ ఎర్ర బటన్ నొక్కండి. గ్రహణం మీరే పట్టించండి."

ఆయనకేమీ అర్థం కాలేదు. అలవాటు ప్రకారం, ప్రారంభోత్సవం కాబోలనుకుని, చిరునవ్వుతో నొక్కేశారు. ముప్ఫై ఏరియేటర్లూ మూలిగి ఆగిపోయాయి. తెర మీద గీత కింద పడింది.

"ఇప్పుడు పచ్చది నొక్కండి. గ్రహణం విడుస్తుంది."

నొక్కారు. ఏరియేటర్లు మళ్ళీ నీళ్ళు చిలికాయి. గీత లేచింది.

"ఇదండీ కొల్లేటి నక్షత్రం" అంది యాస్మిన్. "ఇది ఈ మోటార్ల కరెంటు రొద. రొయ్యల మేత వేళకి ఆపుతారు, అదే గ్రహణం. నేను ఐదేళ్ళు రాసింది పెద్దింటమ్మగారి పని వేళలండీ. అయితే సర్, నాకొక్కటే అర్థం కావట్లేదు. మీరు మీ కాలేజీలో కూడా ఈ గ్రహణాల్ని చూశానని రాశారు కదండీ? అక్కడ కూడా దుర్గారాజుగారి చెరువుందాండీ?"

క్రాంతి కుమార్‌గారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. నిత్యానందంగారి వంక చూశారు. నిత్యానందంగారు ఆయన వంక చూశారు. దొందూ దొందే. ఒకడి గుట్టు ఇంకొకడి గుప్పిట్లో ఉన్నప్పుడు పెద్దమనుషుల మధ్య ఏకాభిప్రాయం ఎంత తొందరగా కుదురుతుందో చూడాలంటే ఆ గట్టు మీదే చూడాలి.

"చాలా మౌలికమైన పరిశీలన" అన్నారు క్రాంతి కుమార్‌గారు చివరికి. "భూమి మీద కూడా అలాంటి సంకేతాలు పుట్టవచ్చునని అభ్యర్థి నిరూపించింది."

"అవునండీ, అదొక అదనపు ఫలితం" అందుకున్నారు నిత్యానందంగారు. "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్ యాస్మిన్!"

దుర్గారాజుగారు చప్పట్లు కొట్టారు. ఎవరో శాలువా తెచ్చి ఆమె భుజాల మీద వేశారు. యాస్మిన్ బిత్తరపోయింది. కేకలేస్తారనుకుంది, ఫెయిల్ చేస్తారనుకుంది. నిజం చెబితే డాక్టరేటు చేతికిచ్చేస్తారని కలలో కూడా అనుకోలేదు.

"అయితే అయిదో అధ్యాయం మార్చి ఇస్తానండీ" అంది. "ఆ సంకేతం ఎక్కడిదో ఉన్నదున్నట్టు రాసేస్తాను. రెండు రోజుల పని."

"మార్చకూడదమ్మా" అన్నారు నిత్యానందంగారు, కాగితాలు ముందుకి జరుపుతూ. "సారు ఆమోదించింది ఇప్పుడున్న పుస్తకాన్నే. ఇదిగో, ఇందులో ఉన్నదంతా నిజమని, నా సొంత పరిశోధన అని నువ్వు సంతకం పెట్టాలి. పెడితే అయిపోయినట్టే. తరవాత నీ ఇష్టం, ఎవరికైనా చెప్పుకో, ఎవడు నమ్ముతాడు?"

కలం ఆమె చేతికే ఇచ్చారు. ఆమెకి ఆ డాక్టరేటు కావాలి. ఆ సంగతి తనలో తాను అబద్ధమాడకుండా ఒప్పుకుంది. జీతం కావాలి, గది తలుపు మీద తన పేరు కావాలి, పోస్టాఫీసు గుమాస్తా రేపు 'అయిందా అమ్మా' అని అడిగితే అయిందండీ అనాలని ఉంది. ఐదేళ్ళు! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అందరూ చూస్తుండగానే తిరిగాయి.

"ఇందులో ఉన్నది నిజం కాదండీ" అని కలం బల్ల మీద పెట్టేసింది. శాలువా తీసి మడతపెట్టి దాని పక్కన పెట్టింది.

"బతుకు పాడుచేసుకుంటున్నావు" అన్నారు నిత్యానందంగారు. మొదటిసారి ఆయన గొంతులో ప్రేమ లేదు.

"తెలుసండీ."

అప్పుడు పెద్దింటమ్మ చేతులు తుడుచుకుంటూ హడావుడిగా వచ్చింది. "రాజుగారూ, మీ మాటలు మీరు ఆడుకోండి గానీ, మేత వేళ దాటిపోయి ముప్పావుగంటయిందండి. ఆకలికి ఒకదాన్నొకటి పీక్కు తినేత్తాయి." ఎవరి జవాబు కోసమూ ఆగకుండా ఎర్ర బటన్ నొక్కి, మేత బేసిను ఎత్తుకుంది. రెండో బేసిను యాస్మిన్ ఎత్తుకుంది. "మీకెందుకండి మేడంగారూ" అంటున్నా వినకుండా ఆమె వెంట గట్టు దిగింది. ఏదో ఒకటి చెయ్యకపోతే అక్కడే కూలబడేటట్టుంది. గుప్పెళ్ళతో మేత జల్లుతోంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, మేత వేసినచోటే మునుగుతోంది.

వెనక షామియానాలోంచి నిత్యానందంగారి కేక వినపడింది.

"పట్టింది! పట్టింది! చూడండి సార్, గ్రహణం!"

కుర్చీలు జరిగిన చప్పుడు, దుర్గారాజుగారి చప్పట్లు. క్రాంతి కుమార్‌గారు కళ్ళజోడు తగిలించుకుని తెర వంక చూసి, నివేదిక తీసి, "గ్రహణమును స్వయముగా తిలకించితిని. నలుబది అయిదు నిముషములు ఆలస్యము" అని పైకి చదువుతూ రాశారు. రాసి, అభ్యర్థి పేరు ఉండవలసిన గడి దగ్గర కలం ఆపారు.

"ఏవండీ నిత్యానందంగారూ, ఇప్పుడిక్కడ ఎవరి పేరు వేద్దామంటారు?"